రాత్రికి రాత్రి క్లోరిన్ ఎటు పోతోంది? ఒక హాట్ టబ్బు కేసు

శనివారం పొద్దున్నే ఫోను. "బాబూ, రాత్రి మూత వేసేటప్పుడు నీళ్లు బాగానే ఉన్నాయి. ఇప్పుడు తీసి చూస్తే సున్నం కలిపినట్టున్నాయి. ఈ నెలలో ఇది నాలుగోసారి" అందావిడ. వేడినీళ్లలో కూర్చుని సేదతీరే హాట్ టబ్బులను బాగుచేయడం నా పని కాబట్టి ఈ మాట నేను వారానికి ఒకరి దగ్గరైనా వింటాను. కానీ ఆ తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "మనవడికి నడుం చుట్టూ ఎర్రగా పొక్కులు లేచాయి. దీనివల్లే అంటావా?"

అప్పటికి నేను చెప్పగలిగింది రెండే ముక్కలు. ముందు పిల్లాణ్ని డాక్టరుకి చూపించండి, హాట్ టబ్బులో కూర్చున్నాడన్న సంగతి తప్పకుండా చెప్పండి. నేను వచ్చేదాకా ఎవరూ అందులో దిగకండి.

పొక్కుల్ని చూసి ఫలానా జబ్బని తేల్చడం నా పని కాదు. అయినా ఈ వృత్తిలో ఉన్న ప్రతివాడికీ తెలియాల్సిన సంగతొకటుంది. క్లోరిన్ అడుగంటిన వేడినీళ్లలో సూడోమోనాస్ ఎరూజినోసా అనే బాక్టీరియా హాయిగా పెరుగుతుంది. అది వెంట్రుకల మొదళ్లలోకి దిగి దద్దుర్లు తెస్తుంది. ఈత బట్ట ఆ నీళ్లను ఒంటికి అదిమి పట్టుకుంటుంది కాబట్టి బట్ట కింద ఎక్కువగా లేస్తాయి. ఇంతకంటే ప్రమాదమైంది లెజియొనెల్లా. అది టబ్బులో నీళ్లు చిమ్మే జెట్లు లేపే తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 25 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య నీళ్లు దానికి అనుకూలం. అంటే హాట్ టబ్బు నడిచే వేడి మొత్తం దానికి నచ్చేదే. అందుకే తేటదనాన్ని నేను అందం కోసం చూసుకునే విషయంగా ఎన్నడూ అనుకోలేదు.

టబ్బు, మనుషులు, అలవాట్లు

టబ్బు 1,200 లీటర్లది, అయిదుగురు కూర్చోవచ్చు. వేడి 39 డిగ్రీల దగ్గర పెట్టుకున్నారు. రోజూ సాయంత్రం భార్యాభర్తలిద్దరూ దిగుతారు, శని ఆదివారాల్లో ముగ్గురు మనవలు తోడవుతారు. నీళ్లు మార్చి సరిగ్గా మూడు నెలలు. వాడుతున్నది డైక్లోర్ అనే క్లోరిన్ పొడి, రోజుకో చెంచా.

టబ్బు పక్కన బల్ల మీద సీసాలు వరుసగా ఉన్నాయి. నీళ్లు తేటపరిచే ద్రవం, నురగ విరిచే ద్రవం, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) తగ్గించే పొడి, ఆల్కలినిటీ (పీహెచ్ మారకుండా నీళ్లు నిలదొక్కుకునే శక్తి) పెంచే పొడి. మసకేస్తే తేటపరిచేది పోశారు. నురగొస్తే నురగ మందు చల్లారు. పీహెచ్ ఎక్కిందని ఆమ్లపు పొడి వేశారు, అది మరీ దిగిందనిపించి మర్నాడు రెండో పొడి వేశారు. ఏ రోజు ఏం వేశారో ఆయన ఓ పుస్తకంలో తేదీలతో సహా రాసి పెట్టారు. చాలా ఇళ్లలో నాకు దొరకని వస్తువది. ఈ కేసు అంత త్వరగా తేలిందంటే సగం పుణ్యం ఆ పుస్తకానిదే.

పరీక్షకు వాడే కాగితపు పట్టీల డబ్బా కూడా ఆ బల్ల మీదే ఉంది, మూత వదులుగా. పట్టీలకు తేమ తగిలితే రంగులు నమ్మడానికి లేదు. ఆయన నా ఎదుటే ఒక పట్టీ ముంచి చూపించారు. క్లోరిన్ 3 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 3 పాళ్లు, అంది. నీళ్లు చూస్తే అడుగున జెట్టు మూతి కనిపించడం లేదు.

మొదటి రోజు పరీక్షలు

నేను చుక్కల పరీక్షే చేస్తాను. 10 మిల్లీలీటర్ల నీళ్లలో డీపీడీ అనే పరీక్ష పొడి వేస్తే క్లోరిన్ ఉన్నంత మేరకు గులాబీ రంగు తేలుతుంది. ఆ రంగు పూర్తిగా పోయేదాకా రెండో ద్రవం చుక్కచుక్కగా వేస్తూ లెక్కపెట్టాలి. చుక్కకి 0.5 పీపీఎం. ఇక్కడ రంగు లేతగా మెరిసి ఒక్క చుక్కకే పోయింది. అంటే పనికొచ్చే క్లోరిన్ 0.5. అదే గొట్టంలో మూడో ద్రవం వేసేసరికి గులాబీ రంగు మళ్లీ ముదురుగా వచ్చింది, విరగడానికి నాలుగు చుక్కలు పట్టాయి. అవి చెమట, మూత్రం లాంటి వాటిలోని నత్రజనితో కలిసిపోయి నీరసించిన క్లోరమైన్లు, 2.0 పీపీఎం. 0.5 దాటితేనే నేను ఊరుకోను.

"క్లోరిన్ వాసన ఇంత ఘాటుగా కొడుతుంటే క్లోరిన్ లేదంటావేంటి?" అన్నారాయన. న్యాయమైన ప్రశ్నే. ముక్కుకి తగిలే ఆ ఘాటు ఈ క్లోరమైన్లదే. సరిపడా క్లోరిన్ ఉండి, శుభ్రంగా ఉన్న టబ్బు దగ్గర వాసన తక్కువగా ఉంటుంది. ఘాటు పెరిగిందంటే చాలా సందర్భాల్లో క్లోరిన్ చాలడం లేదనే అర్థం.

మిగతావి: పీహెచ్ 8.1, ఆల్కలినిటీ 190, కాల్షియం కాఠిన్యం (నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం) 140. చివరికి సయనూరిక్ ఆమ్లం.

దీని దగ్గర కాస్త ఆగాలి. డైక్లోర్ పొడి క్లోరిన్ ఒక్కటే ఇవ్వదు. ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌తో పాటు దాదాపు 9 పీపీఎం సయనూరిక్ ఆమ్లాన్ని నీళ్లలో వదిలిపెడుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది పోదు. ఎండ పడే ఈతకొలనులో క్లోరిన్‌కి గొడుగు పట్టేది ఇదే, అక్కడ అవసరం. మూత కింద ఉండే హాట్ టబ్బులో ఆ గొడుగుతో పనిలేదు. పైగా పేరుకుపోయిన కొద్దీ క్లోరిన్‌ని తన దగ్గరే కట్టిపడేస్తుంది, క్రిములను చంపే వేగం పడిపోతుంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ హాట్ టబ్బుల్లో ఈ ఆమ్లాన్నీ, ఇది కలిసిన క్లోరిన్‌నీ వాడొద్దనే చెబుతోంది.

దీన్ని కొలిచే గొట్టం అడుగున నల్ల చుక్క ఉంటుంది. మందు కలిపిన నీళ్లు తెల్లగా విరుగుతాయి. వాటిని పోస్తూ చుక్క కనుమరుగైన చోట గీత చూసుకోవాలి. ఇక్కడ 100 గీత ఇంకా దూరంగా ఉండగానే చుక్క మాయమైంది. మామూలు కుళాయి నీళ్లు సగానికి సగం కలిపి మళ్లీ చేశాను. ఈసారి 85 దగ్గర పోయింది, అంటే అసలు విలువ 170. ఆయన పుస్తకంతో సరిచూశాను. రోజుకి సుమారు 5 గ్రాములు. అందులో క్లోరిన్ 56 శాతం. 1,200 లీటర్లకు అది 2.3 పీపీఎం. 90 రోజులకు 210. దానికి తోడొచ్చే సయనూరిక్ ఆమ్లం 190 దాకా ఉండాలి. చిందిపోయిన నీళ్లు, మళ్లీ నింపిన నీళ్లు తీసేస్తే 170కి లెక్క సరిపోయింది. కొలతా, పుస్తకమూ ఒకే మాట చెప్పినప్పుడు కలిగే ధైర్యం వేరు.

మసకకి కారణం ఒకటి కాదన్నది కూడా అప్పుడే కొంత తెలిసింది. నీళ్లు సున్నాన్ని వదులుతాయా, కరిగించుకుంటాయా అని చూడటానికి 1936లో లాంజెలియర్ ఇచ్చిన సూచీ ఉంది, అది సున్నా దగ్గరుంటే రెండూ జరగవు. ఆల్కలినిటీ పరీక్షలో సయనూరిక్ ఆమ్లంలో దాదాపు మూడో వంతు కూడా కలిసి వస్తుంది కాబట్టి దాన్ని మినహాయించి లెక్కగట్టాను. సూచీ 0.7 పైనే తేలింది. అంటే సున్నం సన్నటి రేణువులుగా విడిపోయి నీళ్లలో తేలుతోంది, హీటరు తీగ మీద పేరుకుంటోంది. నీళ్లు వేడెక్కిన కొద్దీ సున్నం తేలిగ్గా విడిపోతుంది కాబట్టి అది మొదట పట్టుకునేది హీటరునే.

రాత్రి పరీక్ష

ఇక్కడితో ఆగి "నీళ్లు పాతబడ్డాయి, మార్చేద్దాం" అనేయొచ్చు. ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో ఇలాంటి టబ్బుకే నీళ్లు మాత్రం మార్చి వచ్చేశాను. పది రోజులకు అదే మసక, అదే వాసన. ఆ ఇంటివాళ్లు నామీద పెట్టుకున్న నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. అప్పటినుంచి క్లోరిన్ ఎటు పోతోందో తేల్చుకోకుండా చుక్క నీళ్లు కూడా వదలను.

పద్ధతి ఇది. ముందు పీహెచ్ 7.5కి దించాను. సాయంత్రం, ఎవరూ దిగకుండా, క్లోరిన్‌ని 10 పీపీఎంకి తెచ్చాను. ఇందుకు డైక్లోర్ కాకుండా సోడియం హైపోక్లోరైట్ అనే ద్రవ క్లోరిన్ వాడాను. అది 10 శాతం సాంద్రతది అయితే 1,200 లీటర్లకు 120 మిల్లీలీటర్లు. అరగంట జెట్లు తిప్పి, చుక్కలతో మళ్లీ కొలిచి 10 అని ఖాయం చేసుకున్నాను. ఆ నీళ్లే ఒక శుభ్రమైన మూత బకెట్లోకి ముంచి పక్కన పెట్టాను. టబ్బుకీ మూతేసి, ఫిల్టరు మోటారు మామూలుగా తిరగనిచ్చాను.

పొద్దున టబ్బులో 1.0. బకెట్లో 6.5.

బకెట్లో నీళ్లు చల్లారతాయి కాబట్టి అందులో క్లోరిన్ నెమ్మదిగా ఖర్చవుతుంది, టబ్బులో కాస్త గాలికీ పోతుంది. ఆ రెండూ తీసేసినా ఇంత తేడా రాదు. నీళ్లలో ఉన్న మురికి తిన్నది మూడున్నర. మిగతాది తిన్నది నీళ్లలో లేదు, నీళ్లు తగులుతున్న చోట ఉంది. చిల్లికుండలో నీళ్లు పోసినట్టు వాళ్లు ఇన్నాళ్లూ క్లోరిన్ పోస్తున్నారు.

ఫిల్టరు కార్ట్రిడ్జ్ బయటికి తీశాను. పైకి బూడిద రంగు, అంతే. రెండు మడతలు విడదీసి మధ్యలో బొటనవేలితో నొక్కితే లేత గోధుమ రంగు జిగురు ఊరి వేలికి అంటుకుంది, నీళ్లలో ఆడించినా జారిపోలేదు. తలగడ దిండు ఊడదీస్తే దాని వెనకా ఇదే పొర. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "రోజూ దీని మీదే కదయ్యా తల ఆనిస్తున్నాం" అంది. ఆమెను నొప్పించే ఉద్దేశం లేదు గానీ, అది ఆమె తన కళ్లతో చూడటం మంచిదే అయింది.

గొట్టాల్లోంచి బయటపడింది

ఫిల్టరు జిగురుగా ఉంటే గొట్టాలు అంతకంటే ఘోరంగా ఉంటాయి. బాక్టీరియా గొట్టం గోడకి అంటుకుని తన చుట్టూ తానే ఒక జిగురు పొర కట్టుకుంటుంది. మామూలు మోతాదు క్లోరిన్ ఆ పొర పైభాగాన్ని కాల్చడంలోనే అయిపోతుంది, లోపలివి క్షేమంగా ఉంటాయి. పొరని ముందు గోడ నుంచి ఊడదీయాలి. ఆ పని పాత నీళ్లు ఉండగానే చేయాలి. నీళ్లు వదిలేశాక గొట్టాల్లో మందు తిప్పడానికి ఏమీ మిగలదు.

ఫిల్టరు తీసేసి గొట్టాలు శుభ్రం చేసే ద్రవం పోశాను. జెట్లన్నీ పూర్తిగా తెరిచాను. నీళ్లు ఏ జెట్లకు పోవాలో మార్చే మళ్లింపు పిడిని ఒక్కో స్థానంలో పావుగంట చొప్పున ఉంచాను. ఈ పిడిని చాలామంది మర్చిపోతారు, దాంతో సగం గొట్టాలకు మందే చేరదు. ఇరవై నిమిషాలకల్లా అంచుల వెంబడి మట్టి రంగు నురగ కట్టింది. ఆ తర్వాత జెట్ల మూతుల్లోంచి నానిన కాగితం ముక్కల్లాంటివి రావడం మొదలైంది. వేలితో తీసి నలిపితే మెత్తగా సాగాయి. మురుగు కాలవ వాసన. గుడ్డతో అంచులు తుడవడం, జెట్లు వేయడం, మళ్లీ తుడవడం. రాత్రంతా అలాగే ఉంచి పొద్దున మరోసారి తిప్పితే ఇంకా వచ్చాయి.

నీళ్లు వదిలే ముందు బ్రేకరు ఆపాలి, నీళ్లు లేకుండా హీటరు వెలిగితే కాలిపోతుంది. టబ్బు ఖాళీ అయ్యాక కూడా గొట్టాల వంపుల్లో మడ్డి నీళ్లు నిలిచే ఉంటాయి. తడి పీల్చే వాక్యూమ్‌ని ఒక్కో జెట్టుకి ఆనించి పీల్చాను. మళ్లీ నింపి, క్లోరిన్ 50 పీపీఎంకి తెచ్చి, మూత తెరిచే ఉంచి గంటసేపు జెట్లు నడిపాను. మూసి ఉంచితే ఆ ఆవిరి మూత అడుగుని తినేస్తుంది. సోడియం థయోసల్ఫేట్‌తో క్లోరిన్‌ని విరిచి ఆ నీళ్లూ వదిలేశాను. మూత అడుగు భాగాన్నీ, దిండ్లనీ పల్చటి క్లోరిన్ నీళ్లతో కడిగాను.

కార్ట్రిడ్జ్‌ని మాత్రం కాపాడే ప్రయత్నం చేయలేదు, కొత్తది పెట్టించాను. పిల్లాడి ఒంటి మీద పొక్కులు లేచిన ఇంట్లో ఆ పొదుపు నాకు ఇష్టం లేదు.

మిగిలిన డైక్లోర్ డబ్బా మూతేసి వేరేచోట పెట్టమన్నాను. రకరకాల క్లోరిన్లని ఒకదానితో ఒకటి పొడిగా కలపకూడదు, ఒకే చెంచా వాడకూడదు, ఏ క్లోరిన్‌నీ ఆమ్లం దగ్గరికి రానివ్వకూడదు. మంటలు లేస్తాయి, విషవాయువు వస్తుంది.

కొత్త నీళ్లు

నింపిన నీళ్లలో ఆల్కలినిటీ 160, కాఠిన్యం 60, పీహెచ్ 7.7. ముందు కాఠిన్యం. మరీ మెత్తని నీళ్లు నురగకి దోహదం చేస్తాయి. 160 గ్రాముల కాల్షియం క్లోరైడ్‌ని బకెట్ నీళ్లలో కరిగించి పోస్తే 150కి చేరింది.

ఆల్కలినిటీ దగ్గర వాళ్లకి కూర్చోబెట్టి చెప్పాను, ఎందుకంటే మూడు నెలలు వాళ్లు పడిన ఆ ఊగిసలాట మొత్తం ఇక్కడే ఉంది. ఆల్కలినిటీ అంటే ముఖ్యంగా నీళ్లలో ఉన్న బైకార్బొనేట్. అది ఎక్కువున్న కొద్దీ నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువుంటుంది. జెట్లు గాలి కలిపి చిమ్మినప్పుడల్లా ఆ వాయువు బయటికి పోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. దించడానికి ఆమ్లం వేస్తారు. ఆమ్లం పీహెచ్‌తో పాటు ఆల్కలినిటీనీ దించుతుంది. పట్టీ మీద ఆల్కలినిటీ రంగు మారిందని వాళ్లు మళ్లీ పొడి వేసి పెంచేవారు. ఆ పొడి మరేదో కాదు, వంటసోడాయే. అంటే పీహెచ్ ఎగబాకడానికి కావలసిన సరుకుని వాళ్ల చేతులతో వాళ్లే నింపారు.

గాలి జెట్లున్న టబ్బుకి ద్రవ క్లోరిన్ వాడేటప్పుడు నేను ఆల్కలినిటీని 60–80 మధ్య ఉంచుతాను. చాలా డబ్బాల మీద 80–120 అని ఉంటుంది. అది తప్పని అనను గానీ, ఇలాంటి టబ్బులో ఆ అంకె దగ్గర పీహెచ్ నిలబడగా నేను చూడలేదు. 160 నుంచి 70కి దించడానికి సోడియం బైసల్ఫేట్ సుమారు 270 గ్రాములు పట్టింది, నాలుగు విడతలుగా. ఒక్కో విడతలో పీహెచ్ 7.1 దాకా దించడం, గాలి కవాటాలు తెరిచి జెట్లు వేసి 7.5కి లేపడం, మళ్లీ ఆమ్లం. గాలి ఆడిస్తే పీహెచ్ మాత్రమే లేస్తుంది, ఆల్కలినిటీ దిగిన చోటే ఉంటుంది. ఓపిక పట్టే పని, దాదాపు రోజంతా తీసుకుంది. చివర్లో సూచీ సున్నాకి దగ్గరగా వచ్చింది.

క్లోరిన్ విషయంలో కొందరు తోటి పనివాళ్లు మొదట కొద్దిగా డైక్లోర్ వేసి, సయనూరిక్ ఆమ్లం 20–30కి రాగానే ద్రవానికి మారతారు. ఈ ఇంట్లో నేను ఆ దారి పట్టలేదు, మొదటి రోజు నుంచీ ద్రవమే. సీడీసీ చెప్పే కనిష్ఠం 3 పీపీఎం. నేను 3–5 మధ్య పెట్టాను, పీహెచ్ 7.4–7.6. దిగి లేచిన ప్రతిసారీ క్లోరిన్ వేయాలి, మర్నాడు దిగే ముందు కొలవాలి.

ఆ రాత్రి మళ్లీ అదే పరీక్ష. సాయంత్రం 5.0, పొద్దున 4.0. రాత్రికి నాలుగో వంతు లోపు పోవడం నా అనుభవంలో మామూలే. ఆయన ఆ రెండు అంకెల కింద పుస్తకంలో గీత గీశారు.

పదో రోజు

పదో రోజు, సోమవారం పొద్దున ఫోను. "మళ్లీ మసకేసింది బాబూ." నా గుండె జారిన మాట నిజం. గొట్టాల్లో ఇంకా మిగిలిపోయిందా అనే మొదట అనిపించింది.

వెళ్లి చూస్తే క్లోరిన్ సున్నా. మోతాదు మరీ ఎక్కువైనా డీపీడీ రంగు వెలిసిపోయి సున్నాలా కనిపిస్తుంది కాబట్టి, శాంపిల్‌లో మామూలు నీళ్లు కలిపి రెండోసారి చూశాను. నిజంగా సున్నాయే. పీహెచ్ 7.5, ఆల్కలినిటీ 70, రెండూ కదల్లేదు. పుస్తకం తెరిస్తే ఆదివారం సాయంత్రం ముగ్గురు పిల్లలు గంటకి పైగా ఆడారు, రాత్రి క్లోరిన్ గడి ఖాళీగా ఉంది. పిల్లల్ని పంపించే హడావుడిలో వేయడం మర్చిపోయారు.

క్లోరిన్ 10కి తెచ్చి, మధ్యాహ్నానికి అది పడిపోతే మళ్లీ నింపి, సాయంత్రానికి 5 దగ్గర నిలబెట్టాను. టబ్బుకి మూత, పక్కన బకెట్. పొద్దున టబ్బులో 4.0, బకెట్లో 4.5. గొట్టాలు శుభ్రంగానే ఉన్నాయి. బయటికి ఒకేలా కనిపించిన మసక, మొదటిసారి పేరుకున్న పొర వల్ల వచ్చింది, రెండోసారి ఒక్క సాయంత్రపు మనుషుల వల్ల. తేటపరిచే మందు పోసి ఉంటే రెండూ ఒకేలా దాక్కునేవి. బుధవారానికి ఏ మందూ లేకుండానే అడుగున జెట్టు మూతి మీది గాట్లు కూడా కనిపించాయి.

అలవాట్లలో మార్చినవి కొన్నే. దిగే ముందు ఒళ్లు కడుక్కోవడం, ఈత బట్టలని డిటర్జెంట్ లేకుండా నీళ్లలో జాడించడం (నురగలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వచ్చేది), టబ్బు వాడనప్పుడు గాలి కవాటాలు మూసేయడం, వారానికోసారి ఫిల్టరు మడతల మధ్య పైపుతో కడగడం. పిల్లలొచ్చే రోజుల్లో మధ్యలో ఒకసారి లేపి కొలవాలి.

నీళ్లు మార్చే గడువుకి వాడుకలో ఉన్న లెక్క ఇది. లీటర్లని 11తో భాగించి, వచ్చినదాన్ని రోజుకి సగటున దిగే మనుషులతో భాగించాలి. ఈ ఇంట్లో వారానికి ఇరవై సార్లు, అంటే రోజుకి దాదాపు ముగ్గురు. 36 రోజులు వచ్చింది. వాళ్లు 90 రోజులు లాగారు.

డాక్టరు చెప్పిన జాగ్రత్తలతో పిల్లాడి పొక్కులు వారంలోపే మానాయి. 35వ రోజున నీళ్లు మార్చడానికి నేనే వెళ్లాను. వదిలే ముందు గొట్టాల ద్రవం పోసి జెట్లు తిప్పితే నురగ తెల్లగా వచ్చింది, ముక్కలేవీ రాలేదు. ఆవిడ అంచు మీదికి వంగి చాలాసేపు చూసి, "ఇప్పుడు దిండు కూడా తీసి చూపించు" అంది. తీసి చూపించాను. వెనక పొడిగా, నున్నగా ఉంది.